తప్పిపోయిన పిల్ల కేసుకు గడువు లేదు

(ఆదోనిలో జరిగిన మహిళల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఇరవై ముప్పయ్యేళ్ళ కిందట కనబడకుండా పోయిన పదిహేనేళ్ళ పిల్లను గురించి అడిగి చూడండి. "లేచిపోయింది లే" అంటారు. ఎవరితో పోయింది? పోతుంటే చూసినవారెవరు? తర్వాత ఒక్క ఉత్తరమైనా వచ్చిందా? దేనికీ జవాబుండదు. మాట మాత్రం నిలిచిపోతుంది, ఎందుకంటే అది అందరికీ అనువైన మాట. స్టేషనులో కేసు రాసే పని తప్పుతుంది, పెద్దమనుషులకు పంచాయితీ తప్పుతుంది. పరువు పోతుందని తండ్రి నోరు మెదపడు. మగపిల్లవాడు కనబడకపోతే "తప్పిపోయాడు" అంటాం, ఆడపిల్లయితే "లేచిపోయింది" అంటాం. తప్పిపోయినవాణ్ణి వెతుకుతారు. లేచిపోయినదాన్ని ఎవరు వెతుకుతారు?

ఇందువల్ల ఏం జరుగుతుందో హాజీపూర్‌లో చూశాం. అది తెలంగాణలో, యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలోని ఊరు. 2019 ఏప్రిల్‌లో బడికి వెళ్ళిన పద్నాలుగేళ్ళ పిల్ల ఇంటికి తిరిగి రాలేదు. పాడుబడ్డ బావిలో శవమై దొరికింది. విచారణ సాగితే బావుల్లోంచి మరో ఇద్దరి అవశేషాలు బయటపడ్డాయి. ఒకరు ఆ మార్చిలోనే కనబడకుండా పోయిన కాలేజీ అమ్మాయి. ఆమె ఇంటివాళ్ళు ఫిర్యాదే ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఆడపిల్లల్ని కన్న మనకు ఎవరైనా చెప్పాలా? ఇంకొకరు 2015లో తప్పిపోయిన పదకొండేళ్ళ పాప. నాలుగేళ్ళపాటు ఆ పాప ఎముకలు ఊరిపక్క బావిలోనే ఉన్నాయి. 2020 ఫిబ్రవరి 6న నల్గొండ కోర్టు నిందితుడికి మరణశిక్ష వేసింది. దానికి చాలామంది సంతోషించారు. నా బాధ వేరు. 2015లోనే ఆ పాప కోసం గట్టిగా వెతికి ఉంటే మిగతా ఇద్దరూ బతికేవాళ్ళేమో కదా!

ఇక మన పడమటి మండలాల సంగతి. వానలు తప్పితే కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు నుంచి ఇంటిల్లిపాదీ సుగ్గికి పోతాం. గుంటూరు వైపు మిరపకోతలకు పోతాం, బెంగళూరుకు కట్టడం పనులకు పోతాం. గుడారంలోంచి పిల్ల మాయమైతే అక్కడి స్టేషనువాళ్ళు "మీ ఊళ్ళో ఇచ్చుకో" అంటారు. ఇక్కడికొస్తే "పోయింది అక్కడ కదా" అంటారు. పక్కనే కర్నాటక సరిహద్దు, ఆదోనిలో రైలెక్కితే బొంబాయి దాకా దారి ఉంది. కూలి పోగొట్టుకుని ఎన్ని స్టేషన్లు తిరుగుతాం? తిరగనక్కరలేదు. ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఎఫ్.ఐ.ఆర్. రాయాల్సిందే. జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు దాన్ని. 2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టంలో ఆ మాట స్పష్టంగా ఉంది. రాయకపోతే ఎస్.పి.కి పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు.

వయసు విషయం మరీ జాగ్రత్త. "ఎన్నేళ్ళు?" అని అడిగితే మనం "పదిహేడో పద్దెనిమిదో" అనేస్తాం. పద్దెనిమిది అని రాశారంటే ఆమె పిల్ల కాదు, స్త్రీ అయిపోతుంది. "ఇష్టపడి పోయింది" అనటానికి దారి దొరుకుతుంది. పద్దెనిమిది నిండని పిల్లను తల్లిదండ్రుల దగ్గరనుంచి తీసుకుపోతే ఆమె ఇష్టం చట్టానికి లెక్క కాదు. బడి సర్టిఫికెట్టు దాచిపెట్టుకోండి. బడికి పోని పిల్లకు పంచాయతీలో జనన ధృవీకరణ పత్రమైనా తీసుకోండి.

మరి పాత కేసుల మాటేమిటి? 2013 మే 10న బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పిల్లలు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే ఎత్తుకుపోవడమో అమ్మేయడమో జరిగిందనే అనుకుని ఎఫ్.ఐ.ఆర్. రాయాలంది. నాలుగు నెలల్లో దొరక్కపోతే మనుషుల అక్రమ రవాణాను అరికట్టే విభాగానికి పంపాలంది. అంతకుముందు తప్పిపోయి, ఎఫ్.ఐ.ఆర్. లేకుండా మిగిలిపోయిన పిల్లల విషయంలో కూడా నెలలోగా రాయమంది. డైరీలో ఒక ముక్క రాసుకుని పంపించేసిన తల్లులకు ఈ సంగతి చెప్పినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

"ఏడేళ్ళు దాటితే చచ్చినట్టే లెక్క" అని కొందరు భయపెడతారు. అది ఆస్తి, వారసత్వం లాంటి వ్యవహారాల్లో పనికొచ్చే ఊహ. నేర పరిశోధన దానితో ముగిసిపోదు. మూడేళ్ళకు మించి శిక్ష పడే నేరానికి కాలపరిమితి లేదు, పిల్లను ఎత్తుకుపోవడం అలాంటి నేరమే. మూసిన కేసునైనా కొత్త ఆధారం దొరికితే తిరిగి పరిశోధించవచ్చు. ఎక్కడో గుర్తు తెలియని శవమని రాసిపెట్టిన ఎముకలు మన పిల్లవో కాదో తల్లి రక్తంతో డి.ఎన్.ఏ. పరీక్ష చేసి చెప్పగలరు.

కాబట్టి పాత కాగితాలు పారేయకండి. ఫిర్యాదు నకలు, గ్రూపు ఫోటోలో పిల్ల ముఖం, తెలిసినవాళ్ళు రాసిన ఉత్తరం, ఏదైనా సరే. ఏమీ లేకపోతే ఆ రోజు పిల్ల వేసుకున్న బట్టల రంగు, కాలిమీది మచ్చ చెప్పండి, రాసుకుంటాం. తల్లి ముసలిదై రాలేకపోతే చెల్లెలు రావచ్చు. భోజనాలయ్యాక వెనకవైపు చాప పరిచి కూర్చుంటున్నాం. అలాంటి పిల్ల ఇంట్లో ఉన్నవాళ్ళు ముందు అక్కడికి రండి.