ముందు పన్ను కట్టించుకునే ముందు ఫొటో ప్రివ్యూ: ఎంతవరకు నమ్మాలి?

ఈ రోజు టాపిక్ కొంచెం పర్సనల్. నాకు పై వరసలో ముందు పన్ను ఒకటి లేదు. రెండేళ్ల కింద క్రికెట్ బాల్ తగిలి ఊడిపోయింది. మీరు వీడియోల్లో చూసేది రాత్రి తీసి కడిగి పెట్టుకునే పన్ను. ఇప్పుడు ఫిక్స్‌డ్‌ది పెట్టించుకుందామని ఫొటో ప్రివ్యూలు చూస్తున్నా. మీలో కూడా ఎవరైనా ఇదే ఆలోచనలో ఉంటే ఈ ఎపిసోడ్ మీకే.

ప్రివ్యూలు రెండు రకాలు. ఒకటి ఫోన్‌లో ఏఐ యాప్. సెల్ఫీ ఇస్తే క్షణాల్లో నిండు నవ్వు చూపిస్తుంది. రెండోది డెంటిస్ట్ దగ్గర, మీ ఫొటోలు, పళ్ల స్కాన్ తీసుకుని చేసే డిజిటల్ డిజైన్. యాప్ చేసేది ఒక్కటే, ఖాళీ ఉన్నచోట పిక్సెల్స్ నింపడం. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అది స్క్రీన్ డిజైన్ మాత్రమే. బ్యాకెండ్ ఇంకా రాయలేదు.

ఆ బ్యాకెండ్ ఏంటంటే ఎముక. పన్ను పోయాక అక్కడి దవడ ఎముక కరుగుతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే. దాంతో చిగురు కూడా కుంగుతుంది. యాప్ మాత్రం చిగురును కూడా అందంగా గీసేస్తుంది. నిజంగా ఎంత ఎముక మిగిలిందో ఎక్స్‌రే, అవసరమైతే సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ చెప్పాలి.

ఇంకో ముఖ్యమైన పాయింట్. మన ముందున్న దారులు ప్రధానంగా మూడు. తీసి పెట్టుకునే పన్ను. బ్రిడ్జ్, అంటే మామూలుగా అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీసి వాటి మీద కూర్చోబెట్టేది. అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు. మూడోది ఇంప్లాంట్, ఎముకలో టైటానియం స్క్రూ. అది ఎముకకు అతుక్కోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది. దవడ ఇంకా ఎదిగే వయసు పిల్లలకు దీన్ని మామూలుగా వేయరు. ఈ మూడింటికీ యాప్ చూపించే ఫొటో ఒక్కటే! ఖర్చు వేరు, టైమ్ వేరు, పక్క పళ్లకు జరిగేది వేరు. అందుకే ఫొటో బాగుందని ట్రీట్‌మెంట్‌కి ఓకే చెప్పకండి.

అలాగని ప్రివ్యూ వేస్ట్ కాదు. పన్ను పొడవు, వెడల్పు, ఆకారం గురించి డాక్టర్‌తో మాట్లాడటానికి చాలా పనికొస్తుంది. "నాకు పక్క పన్నులాగే కొంచెం వంకర ఉండాలి" అని నోటితో చెప్పడం కష్టం, ఫొటోలో చూపించడం ఈజీ. పన్ను పోకముందు నవ్వుతూ దిగిన పాత ఫొటో ఉంటే అది కూడా తీసుకెళ్లండి.

ఫొటో ఎలా తీయాలంటే, సెల్ఫీ వద్దు. దగ్గర నుంచి తీస్తే ముఖం మధ్య భాగం పెద్దగా కనిపిస్తుంది. నాలుగైదు అడుగుల దూరం నుంచి, వెనక కెమెరాతో, కిటికీ వెలుగులో ఎవరితోనైనా తీయించుకోండి. బ్యూటీ ఫిల్టర్ ఆఫ్. మామూలు నవ్వు ఒకటి, నిండు నవ్వు ఒకటి చాలు. నిండుగా నవ్వితే చిగురు కనిపిస్తుందా లేదా అన్నది డాక్టర్‌కి చాలా ముఖ్యం. రంగు మాత్రం స్క్రీన్ మీద ఫైనల్ చేయకండి. క్లినిక్‌లో షేడ్ గైడ్ పెట్టి, పగటి వెలుగులో, అపాయింట్‌మెంట్ మొదట్లోనే చూడమనండి. నోరు తెరిచి ఉంచి పళ్లు ఆరితే అసలు కంటే తెల్లగా కనిపిస్తాయి.

ఇక ఫొటో అస్సలు చూపించనిది మాట. మన త, ద పలకాలంటే నాలుక పై పళ్లకు తగలాలి. ఫోన్, ఫ్యాన్ అనాలంటే కింది పెదవి పై పళ్లను తాకాలి. పన్ను కొంచెం మందమైనా, పొడవైనా మాట మారుతుంది. నా పని మొత్తం మాట్లాడటమే కదా! అందుకే ఫైనల్ పన్ను కంటే ముందు టెంపరరీ పన్నుతో ట్రయల్ అడుగుతున్నా. అది పెట్టుకుని రెండు నిమిషాల వీడియో తీసుకుంటా. "తాతా, దాదాపు వంద ఫోన్లు" అని పదిసార్లు చెప్తా. కింది పళ్లు దానికి గుద్దుకుంటున్నాయా అని కూడా అప్పుడే తెలుస్తుంది.

సో, నెక్స్ట్ నాకు స్కాన్ ఉంది. ఎముక సంగతి తేలాకే బ్రిడ్జా, ఇంప్లాంటా అన్నది డిసైడ్ చేస్తా. మీరు వెళ్లినప్పుడు డాక్టర్‌ని మూడు ప్రశ్నలు అడగండి: నా ఎముక సరిపోతుందా? పక్క పళ్లను ఎంత అరగదీస్తారు? ఫైనల్‌కి ముందు నోట్లో పెట్టి చూపిస్తారా? జవాబులు విన్నాక మళ్లీ ఆ ప్రివ్యూ ఫొటో చూడండి, దానికి ఎంత విలువ ఇవ్వాలో మీకే తెలుస్తుంది. మళ్లీ కలుద్దాం, బై!