ఎదురు తిరిగిన లెక్క

 

ఈ వేళ పట్టాలు అందుకుంటున్న మీకో ఎదురు తిరిగిన లెక్క కథ చెబుతాను.

విశ్వం వ్యాపిస్తోందని 1929లో ఎడ్విన్ హబుల్ పరిశీలనలు చూపించాయి. గురుత్వాకర్షణ వల్ల ఆ వ్యాప్తి క్రమంగా నెమ్మదించాలని శాస్త్రవేత్తలు అనుకున్నారు. ఎంత నెమ్మదిస్తోందో తేలకముందే ఆ సంఖ్యకు 'మందగమన పరామితి' అని పేరు కూడా పెట్టేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఆ నెమ్మదింపు కొలతకు దొరికిన దీపం టైప్ 1ఏ సూపర్‌నోవా. శ్వేత కుబ్జ తార పేలినప్పుడు పుట్టే వెలుగు అది. అసలు కాంతి ఎంతో తెలిసిన దీపం ఎంత మసకగా కనిపిస్తే అంత దూరాన ఉన్నట్టు. ఆ కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో చూస్తే, అది బయల్దేరాక విశ్వం ఎంత సాగిందో తెలుస్తుంది.

కానీ ఏ నక్షత్రం ఏ రాత్రి పేలుతుందో ఎవరు చెప్పగలరు? అందుకే అమావాస్య వెళ్లగానే చిలీలోని సెర్రో టొలోలో టెలిస్కోపుతో వేల గెలాక్సీలను ఫొటో తీసేవారు. మూడు వారాలకు మళ్లీ తీసి, కొత్త ఫొటోలోంచి పాతదాన్ని తీసివేసేవారు. మిగిలిన చుక్కల్లో సూపర్‌నోవాలను ఏరుకునేవారు.

ఇలా వెతికిన సాల్ పెర్ల్‌ముట్టర్ బృందం 1997లో 7 సూపర్‌నోవాలతో, వ్యాప్తి నెమ్మదిస్తోందనే లెక్కే ప్రచురించింది. మరిన్ని పోగయ్యేసరికి లెక్క తలకిందులైంది. బ్రయాన్ ష్మిట్ నడిపిన పోటీ బృందంలో ఆడమ్ రీస్‌కూ అదే ఎదురైంది. దూరపు సూపర్‌నోవాలు ఉండాల్సిన దానికన్నా మసకగా, అంటే అనుకున్నదానికన్నా దూరంగా ఉన్నాయి. దుమ్ము అడ్డొచ్చిందా? రంగులు పరీక్షించారు. లెక్కలో పొరపాటా? మళ్లీ చేశారు. ఆ మసక పోలేదు. వ్యాప్తి వేగం పుంజుకుంటోందని 1998లో రెండు బృందాలూ ప్రకటించాయి. ఆ ముగ్గురికీ 2011లో నోబెల్ దక్కింది. వ్యాప్తి వేగం పుంజుకోవడానికి కారణమైనదానికి డార్క్ ఎనర్జీ అని పేరుంది. విశ్వంలో సుమారు 68 శాతం అదే. అదేమిటో ఇప్పటికీ తేలలేదు.

నోబెల్ కన్నా నాకు నచ్చింది, పెర్ల్‌ముట్టర్ బృందం నిన్న తాను అచ్చేసిన మాటను తానే దిద్దుకోవడం. రేపు మీ ప్రయోగశాలలోనో ఆఫీసులోనో మీరు ఆశించని అంకె ఒకటి వస్తుంది. ముందు మీ పనినే అనుమానించండి. మళ్లీ లెక్కించండి. అప్పటికీ ఆ అంకె కదలకపోతే దాన్ని దాచకండి. మీ అంచనానే మార్చుకోండి.