డెమో బండా, కొత్త బండా? పైసలు పంపే ముందు ఒక మాట

ఈ వారం ముచ్చట బండి గురించి.

షార్జా నుంచి ఒక అన్న వాయిస్ మెసేజ్ పంపాడు. ఊర్లో తమ్ముడికి ఉద్యోగం దొరికింది, రోజూ జగిత్యాలకు పోయి రావాలి. షోరూంలో రెండు బండ్లు చూపించారట. ఒకటి కొత్తది. రెండోది అదే మోడల్, టెస్ట్ రైడ్‌కు వాడిన డెమో బండి. పదకొండు నెలలది, 3,200 కిలోమీటర్లు తిరిగింది. "దీని రేటు లక్ష, మీకు 92 వేలకే ఇస్తాం" అన్నారు. అన్న అడిగేది ఇదీ: "ఎనిమిది వేలంటే నా నెల ఓవర్‌టైం. తీసుకొమ్మంటారా?"

అన్నా, ముందు ఆ "లక్ష" ఎప్పటి రేటో అడుగు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్‌టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. పాత పన్నుతో లక్ష ఉన్న బండి, కంపెనీ తన ధర పెంచకపోతే, ఇప్పుడు దాదాపు 92,200. అంటే కొత్త బండి షోరూం ధర కూడా అంతే! వాళ్ళు పాత రేటు చెప్తున్నట్టయితే నీకు డిస్కౌంట్ ఇచ్చినట్టే కాదు.

కాని ఒక మాట డెమో వైపు కూడా చెప్పాలి. బండి ముందే రిజిస్టర్ అయి ఉంటే లైఫ్ టాక్స్ కట్టేసి ఉంటుంది. ఆ 92 వేలలో అవన్నీ కలిసి ఉన్నాయా, మళ్ళీ వేరే అడుగుతారా? అందుకే రెండు బండ్లకూ ఆన్‌రోడ్ ధర, అంటే అన్ని ఖర్చులూ కలిపి, కాగితం మీద రాయించి ఫోటో పంపమను. నోటి మాట మీద పైసలు పంపకు.

రెండోది, పేరు. బండి షోరూం పేరు మీద రిజిస్టర్ అయి ఉంటే నీ తమ్ముడు రెండో ఓనర్. రేపు అమ్మితే ధర తగ్గుతుంది. ఫైనాన్స్ తీసుకుంటే పాత బండి లోన్ కిందికి పోయి వడ్డీ ఎక్కువ పడొచ్చు. ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, అవి చూడమను. ఫారం 29, 30 మీద షోరూం సంతకాలు చేయించుకోవాలి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో పేరు మార్పుకు అప్లై చేయాలి. లేకపోతే సొంత బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ దగ్గర గొడవ.

మూడోది, వారంటీ. అది మనం కొన్న రోజు నుంచా, షోరూం రిజిస్టర్ చేసిన రోజు నుంచా? రెండోదైతే పదకొండు నెలలు అప్పుడే పోయాయి.

ఇక ఇంజిన్. కొత్త బండిని మొదటి ఐదారు వందల కిలోమీటర్లు మెల్లగా నడపమంటారు. డెమో బండిని ఎవరు మెల్లగా నడుపుతారు? ఎక్కినోడల్లా పికప్ చూస్తాడు. అయినా సర్వీసులు టైముకు చేయించి ఉంటే భయపడక్కర్లేదు. సర్వీస్ బుక్ చూడాలి, తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకుపోవాలి, పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వినాలి.

నా సంగతి చెప్తా. నేనూ ఒకసారి మా తమ్ముడికి డెమో బండే కొనిచ్చిన. వాడిని అడగలేదు, పైసలు నావి కదా అనుకున్న. బండి మంచిగానే నడిచింది. కాని ఆర్‌సీ వచ్చినరోజు వాడు ఫోన్‌లో, "అన్నా, ఇందులో నాది రెండో పేరట" అన్నాడు. కోపంగా కాదు, మెల్లగా అన్నాడు. ముందే చెప్పి ఉంటే వాడే సరే అనేవాడు. ఆ రోజు నేను మిగిల్చిన పైసలు నాకు చిన్నగా కనబడ్డాయి.

కాబట్టి షార్జా అన్నా, నా సలహా ఇది. రెండు ఆన్‌రోడ్ ధరల మధ్య తేడా కనీసం ఆరో వంతు ఉండి, కాగితాలు సాఫ్‌గా ఉండి, తమ్ముడు మనసారా ఒప్పుకుంటే డెమో తీసుకో. ఎనిమిది వేల కోసమైతే వద్దు, కొత్తదే కొను. ఏది కొన్నా ముందు వాడితో మాట్లాడు. పైసలు పంపేది నువ్వే, రోజూ దాని మీద పోయేది వాడు.

మీ ప్రశ్నలు వాయిస్ మెసేజ్‌లో పంపండి. మళ్ళీ వారం కలుద్దాం. పైలం.