మీ ప్రొఫైల్ మీరే రాయండి



నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు అభ్యర్థుల్ని ఎంపిక చేసే పనిలో ఉన్నాను. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఇంటర్నెట్‌లో ఎలా కనిపించాలో, ఈ ఏడాది ఇంజనీరింగ్ పూర్తి చేయబోతున్న మీకూ మీ తల్లిదండ్రులకూ చెప్పమని ఈ సభ నిర్వాహకులు అడిగారు. ఈ మాట ఎత్తగానే ఫేస్‌బుక్‌లో పాత ఫొటోలు తీసెయ్యాలా అని అడుగుతారు. నా బెంగ ఫొటోల గురించి కాదు. మీ గురించి వేరేవాళ్లు రాసిపెట్టిన ప్రొఫైళ్ల గురించి.

మా వైపు పని ఎలా సాగుతుందో ముందు చెబుతాను. ఉద్యోగాల సైట్లలో నౌకరీ 1997 నుంచి ఉంది, లింక్డ్‌ఇన్ 2003 నుంచి. వాటిలో రిక్రూటర్ మీ పేరుతో వెతకడు, మీ పేరు అతనికి తెలియదు. జావా, ఎస్‌క్యూఎల్, హైదరాబాద్, ఎన్నేళ్ల అనుభవం, ఎప్పుడు చేరగలరు, ఇలాంటివి ఇచ్చి వెతుకుతాడు. వచ్చిన జాబితాలో ఒక్కొక్కరి మీద చూపు నిలిచేది కాసేపే. ఆ కాసేపట్లో నాకు పదే పదే ఎదురయ్యేది ఒకటే పేరా. కష్టపడే తత్వం, త్వరగా నేర్చుకునే గుణం, సంస్థ ఎదుగుదలకు తోడ్పడాలన్న తపన. పేరు మారుతుంది, కాలేజీ మారుతుంది, పేరా మాత్రం మారదు. చాట్‌జీపీటీ వచ్చాక ఇంగ్లిషు బాగుపడింది గానీ, రాసిన మనిషి ఎవరో ఇప్పటికీ తెలియడం లేదు.

అలా కాకుండా, గుంటూరు యార్డులో మిర్చి ధరలను రోజూ పట్టికగా చూపించే చిన్న ప్రోగ్రామ్ రాశాను, యార్డుకు సెలవున్న రోజు అది తప్పు చూపించేది, ఇలా సరిచేశాను అని ఒకరు రాశారనుకోండి. నేను అక్కడ ఆగుతాను. ఇంటర్వ్యూలో అడగడానికి నాకో ప్రశ్న దొరికింది. జవాబు మీ దగ్గర ఉంటుంది, ఆ పని చేసింది మీరే కాబట్టి. ఆ కోడ్‌ని గిట్‌హబ్‌లో పెట్టండి. ఏ రోజు ఏం మార్చారో అక్కడ వరసగా కనిపిస్తుంది. కొనుక్కొచ్చిన ప్రాజెక్టును ఒక్క రాత్రిలో ఎక్కించిన సంగతి కూడా అక్కడే తెలిసిపోతుంది.

ఇక, 'ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తాం' అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. లేని మూడేళ్ల అనుభవం, జీతం స్లిప్పులు, వాటికి తగ్గ లింక్డ్‌ఇన్ పేజీ, అన్నీ ఆ మాట అనేవాళ్లే తయారుచేసి ఇస్తారు. కానీ 2014 నుంచి పీఎఫ్ ఖాతాలకు యూఏఎన్ అనే 12 అంకెల నంబరు ఉంది. ఏ సంస్థ ఏ నెల నుంచి మీ పేరున డబ్బు కట్టిందో ఆ రికార్డులో ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో చాలా కంపెనీలు దాన్నే చూస్తాయి. చేరాక బయటపడినా ఉద్యోగం పోతుంది. నన్ను బాధపెట్టేది ఏమిటంటే, అలా దొరికిపోయినవాళ్లలో నిజంగా పని వచ్చినవాళ్లు ఉంటారు. సప్లీలు రాస్తూ గడిచిన ఏడాదినో, నాన్నకు ఒంట్లో బాగోక ఊళ్లో ఉండిపోయిన ఏడాదినో దాచడానికి ఆ దారి పట్టినవాళ్లు. ఆ ఏడాది గురించి ఉన్నదున్నట్టు ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది.

ఇప్పటికే ఉద్యోగంలో ఉండి మరోటి చూసుకునేవాళ్లకు ఒక మాట. లింక్డ్‌ఇన్‌లో 'ఓపెన్ టు వర్క్' అన్న గుర్తును రిక్రూటర్లకు మాత్రమే కనిపించేలా పెట్టుకోవచ్చు. మీ కంపెనీవాళ్ల కంట అస్సలు పడదన్న పూర్తి హామీ మాత్రం లేదు.

ఇక పాత పోస్టుల సంగతి. వాటిలో నన్ను కలవరపెట్టేవి ఎక్స్ (ట్విట్టర్)లో సినిమా హీరోల అభిమానుల తగాదాలు. కులం పేరెత్తి తిట్టడం, ఎదుటివాడి తల్లినీ చెల్లినీ లాగడం. ఉద్యోగం మాట పక్కన పెట్టండి, రేపు మీ టీమ్‌లో మీ పక్కన కూర్చునేది అలాంటి మాటలు పడ్డవాళ్లే. అవి రాయకూడనివి కాబట్టే తీసెయ్యండి. స్క్రీన్‌షాట్ ఎవరి దగ్గరో ఉండి, ఎవరైనా అడిగితే, రాసింది నేనే, తప్పే అని చెప్పండి. దబాయించవద్దు.

అమెరికా ఆలోచన ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 2019 నుంచి వీసా దరఖాస్తులో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలన్నీ రాయమంటున్నారు. 2025 జూన్‌లో విద్యార్థి వీసాలకు, అదే ఏడాది డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ, హెచ్-4 వీసాలకు, ఆ ఖాతాలను పబ్లిక్‌గా ఉంచమన్నారు. ఇది వ్యక్తిగత స్వేచ్ఛలోకి మరీ ఎక్కువగా చొరబడటమేనని నా అభిప్రాయం. అయినా ఏ ఖాతానూ దాచకండి.

తల్లిదండ్రులు ఇది కూడా వినాలి. ఉద్యోగం కోసం పెట్టిన ఫోన్ నంబరు మోసగాళ్లకూ కనిపిస్తుంది. డేటా ఎంట్రీ పని అని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియా పంపి, అక్కడ వాళ్ల చేత సైబర్ మోసాలు చేయించిన ముఠా గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. రెజ్యూమేలో ఆధార్, పాన్ నంబర్లు, ఇంటి చిరునామా వద్దు. ఉద్యోగాల కోసం వేరే ఈమెయిల్ పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్ అంటూ ఎవరైనా డబ్బు అడిగితే అక్కడితో ఆపెయ్యండి. విదేశీ ఉద్యోగమైతే ఆ ఏజెంటు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదయ్యాడో లేదో చూడండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఆలస్యమయ్యేకొద్దీ తిరిగొచ్చే ఆశ తగ్గుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను. లింక్డ్‌ఇన్ పేజీ ఉన్నవాళ్లు ఫోన్‌లో తెరుచుకుని ముందుకు రండి, ఒక్కొక్కటే చూద్దాం.