బడిపంతులు కాగోరు మన పిల్లలకు: చదువు దారులు, డబ్బు దారులు
(శతవార్షికోత్సవ సందర్భమున సికింద్రాబాదులో యువజనులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఉపాధ్యాయ వృత్తిని గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు కోరారు. ఆ వృత్తి గొప్పతనాన్ని గురించి మీరు చిన్నప్పటి నుండి వింటూనే ఉన్నారు గనుక నేను ఆ జోలికి పోను. పంతులు కావడానికి ఏ చదువు చదవాలి, దానికి డబ్బు ఎక్కడి నుండి రావాలి అన్న రెండు సంగతులే చెబుతాను. మన ఇండ్లలో పిల్లల ఆశ ఆగిపోయేది సాధారణంగా ఈ రెంటిలో ఒకదాని దగ్గరే.

ఒకప్పుడు ఈ దారి ఇంత చిక్కుగా ఉండేది కాదు. 1870ల చివర సికింద్రాబాదుకు వచ్చిన వెస్లియన్ మిషనరీలు గాని, 1912లో దోర్నకల్లు బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్యగారు గాని పల్లెలకు పంపింది ముందుగా ఉపాధ్యాయులనే. పగలు పంతులు, ఆదివారం ఉపదేశి, ఇద్దరూ ఒకే మనిషి. బ్రిటిష్ ఇండియాలో 1854 నాటి ఉడ్ నివేదిక, తర్ఫీదు పొందే ఉపాధ్యాయులకు ఉపకార వేతనం ఇవ్వాలని సూచించింది. అంటే పంతులు కావడానికి వచ్చేవానికి ఎదురు డబ్బు ఇవ్వాలన్నమాట. ఇంగ్లాండులో నేటికీ గణితం, భౌతికశాస్త్రం చెప్పడానికి తర్ఫీదు పొందేవారికి ప్రభుత్వం పెద్ద మొత్తంలో బర్సరీ ఇస్తున్నది. మన దగ్గర మాత్రం పిల్లవాడే ఫీజు కట్టుకొని, పరీక్ష మీద పరీక్ష వ్రాసి, నోటిఫికేషను కోసం ఎదురుచూడాలి. కనుక దారి ఎంచుకోవడంలో పొరపాటు పడితే పోయేది ఆ కుటుంబం సొమ్మే.

అందరికంటె ముందు తల్లిదండ్రులకు ఒక మాట. మనలో “డిగ్రీ అయింది, ఇక బి.ఇడి. చేయించాలి” అనడం అలవాటైపోయింది. బి.ఇడి. అంటే ఒక గౌరవం. టి.టి.సి. అంటే, ఇప్పటి పేరు డి.ఇఎల్.ఇడి., ఏదో తక్కువ చదువన్నట్టు చూస్తాము. ఈ చిన్నచూపు ఇప్పుడు చాలా ఖరీదైనది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు, ప్రాథమిక తరగతులకు బి.ఇడి. అర్హత చెల్లదని, చిన్నపిల్లలకు చెప్పడానికి వేరే తర్ఫీదు ఉన్నదని, అది డి.ఇఎల్.ఇడి. అని తీర్పు చెప్పింది. 1 నుండి 5వ తరగతి వరకు చెప్పే సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయుని ఉద్యోగానికి బి.ఇడి.తో ఇక దారి లేదు.

దాని బరువు ఎంతో లెక్క చూడండి. 2024లో తెలంగాణ ప్రభుత్వం 11,062 ఉపాధ్యాయ ఉద్యోగాలకు డి.ఎస్.సి. ప్రకటించింది. అందులో సెకండరీ గ్రేడ్ ఉద్యోగాలు 6,508. హైస్కూలులో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంటు ఉద్యోగాలు 2,629. మిగిలినవి భాషా పండితులు, వ్యాయామ ఉపాధ్యాయులు, ప్రత్యేక అవసరాల పిల్లల ఉపాధ్యాయులవి. పెద్ద ద్వారం ఒకవైపు ఉంటే మన పిల్లలందరూ చిన్న ద్వారం ముందు వరుస కడుతున్నారు. ఇంటరు చదువుతున్న అమ్మాయిని ముందుగా అడగవలసింది “నీకు చిన్నపిల్లలకు చెప్పడం ఇష్టమా, పెద్ద తరగతులకు ఒక సబ్జెక్టు చెప్పడం ఇష్టమా?” అని. కోర్సు పేరు ఆ తరువాతి మాట.

చిన్నపిల్లలంటే ఇష్టమైతే ఇంటరు తరువాత డీసెట్ వ్రాయాలి. ఇంటరులో 50 శాతం మార్కులుండాలి. షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 45 చాలు. చదువు రెండేండ్లు. 1986 జాతీయ విద్యావిధానం తరువాత జిల్లాకొకటి చొప్పున వెలసిన ప్రభుత్వ శిక్షణ సంస్థలనే డైట్ అంటాము. మన జిల్లాది నేరేడుమెట్టులో, అంటే మన వాకిట్లోనే ఉన్నది. అక్కడ సీటు వస్తే ఫీజు స్వల్పం. సిటీ బస్సు పాసుతో వెళ్ళి రావచ్చు, హాస్టలు ఖర్చు లేదు. పేద కుటుంబానికి ఇంతకంటె తక్కువ ఖర్చు దారి నాకు తెలియదు. పైగా అక్కడితో చదువు ఆగదు. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేసి, ఆ తరువాత ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో, మన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో బి.ఇడి. చేయవచ్చు. ఒక సంగతి గుర్తుంచుకోండి. దూరవిద్య బి.ఇడి. ఇదివరకే ఉపాధ్యాయ శిక్షణ పొందినవారి కోసం ఉద్దేశించినది. నేరుగా డిగ్రీతో వెళ్ళి “ఇంట్లో కూర్చొని బి.ఇడి. చేస్తాను” అంటే కుదరదు. కుదిరిస్తామని డబ్బు అడిగే దళారులు ఉన్నారు, జాగ్రత్త. అలాగే తర్ఫీదు లేని ఉపాధ్యాయుల కోసం జాతీయ సార్వత్రిక విద్యాపీఠం నడిపిన ప్రత్యేక డి.ఇఎల్.ఇడి. గడువు 2019 మార్చితో తీరిపోయింది.

పెద్ద తరగతులకు చెప్పాలనుకునేవారికి డిగ్రీ తరువాత ఎడ్‌సెట్, ఆపైన బి.ఇడి. డిగ్రీలో 50 శాతం, రిజర్వేషను వర్గాలకు 40 శాతం ఉండాలి. ఒకప్పుడు ఏడాది చదువుగా ఉన్నది 2015 నుండి రెండేండ్లయింది. ఉస్మానియా ప్రాంగణంలోను, మాసబ్‌ట్యాంకులోను ప్రభుత్వ రంగంలో కళాశాలలున్నాయి. ఇక్కడ సరోజినీదేవి రోడ్డు మీద సెయింట్ ఆన్స్ ఉన్నది. మూడవ దారి కొత్తది. ఇంటరు తరువాత నాలుగేండ్లలో డిగ్రీ, బి.ఇడి. రెండూ కలిపి చదవడం. ఒక ఏడాది కలిసివస్తుంది. దీనికి జాతీయస్థాయి ప్రవేశపరీక్షను తెలుగులో కూడా వ్రాయవచ్చు. వరంగల్ ఎన్.ఐ.టి.లో ఈ చదువు ఉన్నది. దక్షిణాది రాష్ట్రాల కోసం 1963లో పెట్టిన మైసూరు ప్రాంతీయ విద్యాసంస్థ ఇటువంటి నాలుగేండ్ల చదువుకు మొదటి నుండీ పేరుపడినది. 2020 జాతీయ విద్యావిధానం, 2030 నాటికి ఉపాధ్యాయునికి కనీసార్హత ఈ నాలుగేండ్ల చదువే కావాలన్నది. ఇప్పుడు ఎనిమిది, తొమ్మిది తరగతులలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి మీద ఒక కన్ను వేసి ఉంచాలి.

ఏ దారిన వచ్చినా టెట్ గేటు దాటవలసిందే. 150 మార్కులలో జనరల్ వారికి 90, వెనుకబడిన తరగతులకు 75, షెడ్యూల్డు కులాలు, తెగలకు 60 రావాలి. 2021 నుండి ఒకసారి నెగ్గితే జీవితాంతం చెల్లుతుంది. డి.ఎస్.సి.లో దాని మార్కులకు 20 శాతం విలువ ఉన్నది కనుక గట్టెక్కితే చాలుననుకోక, మరలా వ్రాసి మార్కులు పెంచుకొనడం మంచిది. మన మిషన్ బడులలో పనిచేసే సోదరీ సోదరులకు ఇక్కడ ఒక హెచ్చరిక. 2014లో సుప్రీంకోర్టు మైనారిటీ విద్యాసంస్థలను విద్యాహక్కు చట్టం నుండి తప్పించింది. కాని 2025 సెప్టెంబరు 1న అదే కోర్టు, సర్వీసులో ఉన్నవారు కూడా ఐదేండ్లకు మించి సర్వీసు మిగిలి ఉంటే రెండేండ్లలో టెట్ నెగ్గాలని చెప్పి, మైనారిటీ బడుల ప్రశ్నను విస్తృత ధర్మాసనం ముందుకు పంపింది. “మనకు వర్తించదులే” అని చేతులు కట్టుకొని కూర్చొనడం నాకు నచ్చదు. పుస్తకం తెరిచినవారికి పోయేదేమీ లేదు.

ఇక డబ్బు సంగతి. ప్రభుత్వ ఉపకార వేతనం, ఫీజు రీయింబర్సుమెంటు ఈ-పాస్ ద్వారా వస్తాయి. నగరంలో ఉండేవారికి తల్లిదండ్రుల వార్షికాదాయం రెండు లక్షలు దాటకూడదని షరతు. దరఖాస్తు చేసే రోజున ఆ పరిమితిని మరలా సరిచూసుకోండి. ఇది కన్వీనరు కోటాలో సీటు వచ్చినవారికే. మేనేజిమెంటు కోటాలో చేరితే ఒక్క రూపాయి రాదు. దూరవిద్యకూ రాదు. హాజరు 75 శాతం ఉండాలి. నచ్చిన కళాశాల కోసం కన్వీనరు సీటు వదులుకొని మేనేజిమెంటు సీటు తీసుకొనే ముందు ఈ లెక్క వేసుకోండి.

మనవారిలో చాలామందికి చిక్కు వచ్చేది కుల ధ్రువపత్రం దగ్గర. షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైన కుటుంబాలు, వారి సంతతి మన రాష్ట్రంలో బి.సి.-సి వర్గం క్రిందికి వస్తారు. రిజర్వేషను నూటికి ఒకటి. ఇది న్యాయమా అన్న వాదన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నుండి నడుస్తూనే ఉన్నది. దానిని ఈ పూట తేల్చలేము. కాని ఎడ్‌సెట్ దరఖాస్తులో ఒక వర్గం, ఈ-పాస్‌లో మరొక వర్గం వ్రాసి, చివరకు రెండింటా పోగొట్టుకొనడం మాత్రం మన చేతిలో ఆపగలిగినదే. బాప్తిస్మపు పత్రం కుల ధ్రువపత్రం కాదు. కుల, ఆదాయ పత్రాలకు మీ సేవలో దరఖాస్తు పెట్టి, మారేడుపల్లి గాని, తిరుమలగిరి గాని, మీ మండలం తహశీలుదారు కార్యాలయం నుండి ప్రవేశపరీక్ష ఫలితాలకు ముందే తెచ్చి ఇంట్లో పెట్టుకోండి. కౌన్సెలింగు వారంలో పరుగెత్తితే దొరకవు.

సికింద్రాబాదులో మరొక రకం కుటుంబాలున్నాయి. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేవారు. జీతం రెండు లక్షలు దాటుతుంది, కాబట్టి రీయింబర్సుమెంటు రాదు. ఇద్దరు పిల్లలను ఒకేసారి చదివించేంత మిగులూ ఉండదు. వీరికి బ్యాంకు విద్యారుణం ఒక దారి. నాలుగు లక్షల వరకు పూచీకత్తు ఆస్తి అడగరాదన్నది బ్యాంకుల సంఘం నమూనా పథకంలోని నియమం. తల్లి గాని తండ్రి గాని సహరుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. వాయిదాలు చదువు ముగిసిన ఏడాదికి మొదలవుతాయి గాని వడ్డీ మొదటి రోజు నుండే పెరుగుతుంది. కళాశాలకు జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి గుర్తింపు ఉన్నదో లేదో ముందే చూసుకోండి. గుర్తింపు లేని చోట అప్పు పుట్టదు, పట్టా చెల్లదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం మంచిదే. అయితే అది ఎంపిక చేసిన ఉన్నత సంస్థలలో చేరినవారికి. మన పిల్లలు చేరే చిన్న బి.ఇడి. కళాశాలలు సాధారణంగా ఆ జాబితాలో ఉండవు.

పెద్దలకు ఒక మనవి చేసి ముగిస్తాను. రీయింబర్సుమెంటు మంజూరైనా సొమ్ము ఆలస్యంగా వస్తుంది. ఈలోగా కళాశాల ఫీజు బాకీ అంటుంది. సర్టిఫికెట్లు చేతికివ్వదు. అసలు సర్టిఫికెట్లను అట్టిపెట్టుకొనరాదని యు.జి.సి. 2018లోనే ప్రకటించినా, డి.ఎస్.సి. గడువు ముంచుకొచ్చినవేళ ఆ కాగితం పట్టుకొని పోరాడే ఓపిక ఎవరికుంటుంది? అమ్మ పుస్తెలు తాకట్టుకు పోయేది అప్పుడే. శతవార్షిక కానుకలలో ఒక భాగాన్ని ఇందుకోసం వేరుగా ఉంచాలని నా కోరిక. దానము వద్దు, బదులు ఇవ్వండి. సొమ్ము నేరుగా కళాశాలకు కట్టాలి. రీయింబర్సుమెంటు వచ్చిన నెలలో తిరిగి జమ కావాలి. రైల్వే కుటుంబాల వంటి వారికైతే చదువు కాలపు బ్యాంకు వడ్డీ వరకు ఆదుకోవచ్చు. చిట్టీలు, పొదుపు లెక్కలు పైసా తేడా లేకుండా నడిపే మన స్త్రీల మైత్రికి ఈ పని అప్పగిస్తే బాగుంటుంది. కమిటీల మీద కమిటీలు వేయనక్కరలేదు. లెక్క ఏటా సంఘ సమావేశంలో చదవాలి. ఎంత తిరిగి వచ్చిందన్న అంకెతో పాటు, ఏ పాస్టరేటు బిడ్డ ఏ ఊరి బడిలో ఏ తరగతికి చెబుతున్నదో కూడా ఆ లెక్కలోనే చదివించండి.