మలబద్ధమునకు తైలములు: వాడుకయు, తనిఖీయు
(పురపాలక, తాలూకా ఉద్యోగులకు ఉద్దేశింపబడిన ఉపన్యాసము)



మలబద్ధమునకు ఇంటనున్న నూనెయే మందని జనులు చిరకాలముగా నమ్ముచున్నారు. ఈ నమ్మకము కొంతవఱకు నిజమే. కాని నూనెను మందుగా చెప్పువారు దాని శుద్ధతకును పూచీపడవలయును. 1998వ సంవత్సరమున ఢిల్లీలో జరిగిన విపత్తు ఇందుకు తార్కాణము.

ముందుగా నూనె చేయు మేలును విచారింతము. ఆహారముతో పుచ్చుకొనిన నూనెలో జీర్ణముగాక మిగిలిన భాగము మలమును మెత్తపఱచి సులభముగా జాఱునట్లు చేయును. డయాలిసిస్ చికిత్స పొందుచు మలబద్ధముచే బాధపడు కొలదిమందికి నాలుగు వారములు ఆలివునూనెగాని అవిసెనూనెగాని దినమునకు 4 మిల్లీలీటర్లతో మొదలిడి ఇయ్యగా గుణము కనబడెనని 2015లో ప్రకటింపబడినది. నూనె గ్రాము ఒక్కింటికి సుమారు 9 కెలోరీల శక్తి నిచ్చును గనుక మితము తప్పరాదు. పొట్టుతో కూడిన పప్పులు, జొన్న, సజ్జ, ఆకుకూరలు, చాలినంత నీరు, నడక లేనిచో నూనె యొక్కటియే చాలదు.

ఆముదము వేఱు. అది ఆహారము కాదు, విరేచనౌషధము. దానినుండి పుట్టు రిసినోలిక్ ఆమ్లము ప్రేగుల కండరములను ప్రేరేపించును. దీనిని నిత్యము వాడరాదు. గర్భిణుల కసలే ఇయ్యరాదు. పసిబిడ్డల నోటను ముక్కునను నూనె పోయు ఆచారము మిక్కిలి అపాయకరము. ఆ నూనె ఊపిరితిత్తులలో చేరి న్యుమోనియా కలిగించును.

ఇక ఢిల్లీ సంగతి. అచ్చట వంటకు ఆవనూనె విశేషముగా వాడుదురు. 1998 ఆగస్టు మొదలు అనేకులకు కాళ్లు వాచి, ఆయాసము, వాంతులు, విరేచనములు కలిగెను. 3000 మందికి పైగా వ్యాధిగ్రస్తులైరి. 60 మందికి పైగా మరణించిరి. ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలియుటయే కారణమని తేలెను. పసుపుపచ్చని పూలుగల ఈ ముండ్లమొక్క గింజలు ఆవగింజలను పోలియుండును. వానిలోని సాంగ్వినరీన్ అను విషము సన్నని రక్తనాళములను సడలించి, నీరు ఊరి శరీరము వాచునట్లు చేసి, గుండెను బలహీనపఱచును. ప్రభుత్వము ఆవనూనె అమ్మకమును నిలిపివేయవలసివచ్చెను.

కావున ఉద్యోగులు గమనింపవలసినవి:

(1) విడినూనె అమ్ము అంగళ్లనుండియు గానుగలనుండియు మాదిరులను తీయించి పరీక్షకు పంపవలయును. నూనెను సమభాగము గాఢ నత్రికామ్లముతో ప్రయోగశాలలో కలిపి నిలువనిచ్చినప్పుడు, అడుగున నిలిచిన ఆమ్లము నారింజ లేక ఎఱ్ఱని వన్నె దాల్చినచో కల్తీని శంకింపవలయును. ఈ పరీక్షకు స్వల్పమైన కల్తీ చిక్కకపోవచ్చును. సందేహమున్నచో సూక్ష్మతర పరీక్ష జరిపింపవలయును.

(2) ఒకే యింట పలువురికి కాళ్లవాపు కనబడినచో ఆ యింటి నూనె వాడుక వెంటనే మాన్పించి, ఆ నూనెను పాఱబోయనీక భద్రపఱచి, ఆరోగ్యాధికారికి తెలుపవలయును.

(3) మలమున రక్తము, కారణములేని చిక్కుట, కడుపుబ్బి వాంతులగుట కనబడినచో ఏ నూనెయు ఇయ్యక రోగిని వైద్యశాలకు పంపవలయును.

నూనె గుణమును జనులు తామే యెఱుగుదురు. దానిలో కలిసిన విషమును వారి కన్ను గుర్తింపజాలదు. ఆ పని ఉద్యోగులది.