వెదురు కాని వెదురు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్రాంత జీవితంలో కాలక్షేపం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. గీత గురించో, బి.పి. గురించో చెప్పగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను మా ఇంటి చేపల తొట్టిలోని వెదురు మొక్కల గురించి మాత్రమే మనవి చేస్తాను.

మా మనవడు చదువుకోసం హైదరాబాదు వెళ్తూ తన అద్దాల తొట్టిని, అందులోని నాలుగు గప్పీ చేపలను నాకు అప్పగించాడు. లిస్టు లేకుండా ఛార్జి తీసుకోవడం నా సర్వీసులో ఎన్నడూ జరగలేదు, ఇక్కడ జరిగింది. తొట్టి బోసిగా ఉందని విజయవాడ నుంచి 'లక్కీ బాంబూ' కాడలు కొనితెచ్చి, ఆకులతో సహా నీళ్లలో ముంచాను. తిరువూరు వాడికి వెదురు గురించి ఒకరు చెప్పాలా అని నా ధీమా. మూడు వారాలకు కాడలు మెత్తబడి నీళ్లు కంపు కొట్టాయి. కంగారుపడి తొట్టి మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్లు తోమి, కుళాయి నీరు నింపాను. మర్నాటికి మూడు చేపలు చచ్చి తేలాయి.

ఆ సాయంత్రం మనవడు ఫోను చేస్తే "అన్నీ బాగున్నాయిరా" అన్నాను. సర్వీసంతా దొంగలెక్క రాయనివాడిని, డెబ్బై మూడో ఏట పసివాడికి రాశాను. రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి నేనే ఫోను చేసి ఉన్నమాట చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, "తాతయ్యా, అది వెదురు కాదు. ఆకులు పైకి ఉండాలి" అన్నాడు.

నిజమే. అది డ్రసీనా అనే మొక్క. పుట్టిల్లు మధ్య ఆఫ్రికా. అసలు వెదురేమో గడ్డి జాతి. ఆ గడ్డిని 1927 నాటి భారత అటవీ చట్టం చెట్ల కింద చేర్చింది. 2017లో సవరించి తొలగించారు. అంతటి చట్టమే తొంభై ఏళ్లకు తప్పు దిద్దుకున్నప్పుడు నాకు సిగ్గెందుకు?

ఇప్పుడు నా పద్ధతి ఇది. వేళ్లు, కాడ అడుగుభాగం మాత్రమే నీళ్లలో ఉంచుతాను, ఆకులన్నీ గాలిలోనే. నేరుగా ఎండ తగలనివ్వను. చేపల విసర్జన వల్ల పుట్టే అమ్మోనియాను సూక్ష్మజీవులు నైట్రేటుగా మారుస్తాయి. దానిని వేళ్లు ఎరువుగా పీల్చుకుంటాయి. ఆ సూక్ష్మజీవులు ఉండేది గులకరాళ్ల మీద, ఫిల్టరులోను. నేను తోమి పారేసింది వాటినే! అందుకని వారానికి నాలుగో వంతు నీరు మాత్రమే మారుస్తాను. క్లోరిన్ చేపలకు విషం గనుక కుళాయి నీటిని వెడల్పాటి బకెట్టులో ఒకరోజు నిలవ ఉంచి పోస్తాను. పసుపుబారిన కాడను వెంటనే తీసివేస్తాను.

మిగిలిన చేప ఆడది. గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లలనే కంటాయి. ఆ పిల్లలు ఈ వేళ్ల గుబురులోనే దాక్కుని బతికాయి. సంక్రాంతికి వచ్చిన మనవడు అద్దానికి ముక్కు ఆనించి లెక్కపెట్టాడు: తల్లితో కలిపి పదకొండు. వాడే ఒక కాగితం మీద లిస్టు రాశాడు. చచ్చిపోయిన మూడింటినీ విడిగా చూపించాడు. కింద ఇద్దరం సంతకాలు చేశాం. ఆ కాగితం తొట్టి పక్కనే గోడకు అంటించి ఉంది.